అంచు చూసి కొనే సరుకు

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో యాక్రిలిక్ షీట్లు కొనడానికి వచ్చినవాళ్లలో చేతిపని చేసేవాళ్లెవరో, ఇంటికోసం ఒక ముక్క కొనుక్కోవడానికి వచ్చినవాళ్లెవరో దుకాణం కుర్రాడు ఇట్టే పట్టేస్తాడు. ఇంటివాళ్లు షీటు ముఖం చూస్తారు. గీతలున్నాయా, మెరుస్తోందా, అవతలి గోడ తేటగా కనబడుతోందా అని. పనివాళ్లు అంచు చూస్తారు. షీటును నిలబెట్టించి, అంచు దగ్గర అంటించిన కాగితాన్ని కాస్త ఒలిచి, ఒక కన్ను మూసి లోపలికి తొంగిచూస్తారు. ముఖం వైపునుంచి చూస్తే కంటికీ గోడకీ మధ్య ఉండేది మూడు మిల్లీమీటర్ల సరుకే. అంత పలచన మీద ఎంత నాసిరకమైనా తేటగానే కనబడుతుంది. అంచులోంచి చూస్తే కంటి ముందు నాలుగడుగుల లోతుంటుంది. షీటు గుట్టు అక్కడ దాగదు. రంగు లేకుండానో, లేత నీలంగానో ఉంటే చాలావరకు కొత్త ముడిసరుకుతో చేసిందే. పసుపో, మురికి ఆకుపచ్చో కొడితే తుక్కునుంచి తీసిన సరుకు కలిసిందని అనుమానించాలి.

హనుమకొండలో మాది నేంబోర్డులు, షీల్డులు, మెమెంటోలు చేసే దుకాణం. రోజువారీ వాడకానికి కావలసిన మిల్కీ వైటు, నలుపు, ఎరుపు షీట్లు వరంగల్‌లోనే దొరుకుతాయి. చెక్కడం పని పెద్దది వచ్చినప్పుడు మాత్రం ఫోన్లో చెప్పి తెప్పించుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఈసారి చేతిలో నాలుగు రకాల పనులున్నాయి. ఒక కాలేజీ రజతోత్సవానికి కాకతీయ కళాతోరణం చెక్కిన మెమెంటోలు, కింద ఎల్‌ఈడీ పీఠంతో. ఒక దంతవైద్యుడి క్లినిక్‌కు గ్లో సైన్ బోర్డు. ఒక గుడికి లోపలి నోట్లు బయటికి కనబడే హుండీ పెట్టెలు. ఒక నగల దుకాణానికి బంగారు అద్దపు అక్షరాలు. అన్నీ యాక్రిలిక్కే కానీ ఒకదానికి పనికొచ్చే షీటు ఇంకోదానికి పనికిరాదు.

కాజీపేటలో పొద్దున్న రైలెక్కాం. వెంట మా మేనల్లుడు. డిగ్రీ అయ్యాక కీచైన్లు, పేరు పలకలు చేసి అమ్ముతానని ఆన్‌లైన్లో ఒక చిన్న లేజర్ మిషన్ కొన్నాడు. జనగామ దాటేదాకా దాని బాధే చెప్పాడు.

"మామా, నల్ల షీటు మంచిగ కోస్తున్నది. ప్లెయిన్‌ది పెడితే వెలుగు అట్లనే కిందికి పోతున్నది. కింద పెట్టిన చెక్క మాడుతున్నది గని షీటుకు మచ్చ కూడ పడ్తలేదు. మిషన్ ఖరాబున్నదా?"

మిషన్‌కేమీ కాలేదు. వాడిది నీలి కాంతి డయోడ్ లేజర్. మంచి యాక్రిలిక్ తన మీద పడిన మామూలు వెలుగులో 92 శాతాన్ని అవతలికి పంపించేస్తుంది. మన కంటికి కనబడే రంగుల్లో నీలం ఒకటి కాబట్టి ఆ లేజరూ అందులోంచి దూరి వెళ్లిపోతుంది. ఆగని వెలుగు వేడి పుట్టించదు. మా దుకాణంలో ఉన్నది కార్బన్ డయాక్సైడ్ గొట్టం మిషన్. దాని కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు, కంటికి ఆనదు. ఆ కిరణం ముందు తేట యాక్రిలిక్ కూడా నల్లగోడే. పైపొరలోనే మొత్తం ఇంకిపోతుంది, అక్కడి సరుకు బొగ్గు కాకుండా ఆవిరైపోతుంది, కోసిన అంచు పాలిష్ పెట్టినట్టు మిగులుతుంది. ఇదంతా విన్నాక వాడు కాసేపు కిటికీలోంచి చూసి, "అయితే నల్లదే కొంట" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఉన్న మిషన్‌కు తగ్గ సరుకు కొనాలని చాలామంది సీనియర్లకే తట్టదు.

సికింద్రాబాద్‌లో దిగి ఆటోలో రాణిగంజ్ వెళ్లేసరికి షట్టర్లు లేస్తున్నాయి. పంపులు, బేరింగులు, బెల్టులు, రబ్బరు గాస్కెట్లు అమ్మే కొట్ల మధ్య ప్లాస్టిక్ షీట్ల దుకాణాలు ఇరుక్కుని ఉంటాయి. బయటికి ఇరుకుగా కనబడతాయి. లోపలికి వెళ్తే వెనక గోడదాకా షీట్లే, పుస్తకాల్లా నిలువునా సర్ది ఉంటాయి. నేను మామూలుగా వెళ్లే కొట్లో పెద్ద సేఠ్ గల్లా దగ్గర కూర్చున్నాడు. కొంతకాలంగా కనబడలేదేమంటే కంటి శుక్లాల ఆపరేషన్ అయిందన్నాడు.

"ఇప్పుడు అంచు మళ్లా సాఫ్ కనబడుతుంది అన్నా. మధ్యల అయితే అన్ని షీట్లూ పసుపే కొట్టినయి" అని నవ్వాడు.

ఆయనకు తెలుసో లేదో కానీ, ఆ ఆపరేషన్‌కూ ఆయన అమ్మే సరుకుకూ చుట్టరికం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ యుద్ధవిమానాల పైకప్పులు యాక్రిలిక్‌తో చేశారు, పెర్‌స్పెక్స్ పేరుతో. అవి పగిలి ముక్కలు పైలట్ల కళ్లలో గుచ్చుకున్నా కన్ను వాటిని తిప్పికొట్టకపోవడం హెరాల్డ్ రిడ్లీ అనే కంటి వైద్యుడు గమనించాడు. ఆ ఆలోచనతోనే 1949లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి కంట్లో పెర్‌స్పెక్స్ లెన్సు అమర్చాడు. ఈ మాట చెబితే సేఠ్ కళ్లజోడు తీసి, ఒకసారి షీట్ల వైపు చూసి, "అయితే నా కంట్లది కాస్టా, ఎక్స్‌ట్రూడెడా?" అన్నాడు. వ్యాపారి ప్రశ్న అంటే అదీ.

నేను ఈ ఊరు రావడానికి కారణం కూడా ఆ ప్రశ్నే. యాక్రిలిక్ షీటు రెండు రకాలుగా పుడుతుంది. ఒకటి కాస్ట్. రెండు పెద్ద అద్దాల మధ్య చుట్టూ రబ్బరు గొట్టం బిగించి, ఆ సందులో పలచని పాకం పోసి, వేడినీటి తొట్టిలోనో ఓవెన్‌లోనో గంటల తరబడి గట్టిపడనిస్తారు. అద్దం నునుపే షీటుకు వస్తుంది. రెండోది ఎక్స్‌ట్రూడెడ్. గింజల రూపంలో ఉన్న సరుకును కరిగించి, జంతికల గొట్టంలోంచి పిండి నొక్కినట్టు వెడల్పు నోటిలోంచి నొక్కి, రోలర్ల మధ్య నడిపిస్తారు. త్వరగా అవుతుంది, చవకగా పడుతుంది. పైకి చూస్తే రెండిటికీ తేడా తెలియదు. బజారులో మాత్రం సరుకును అమ్మేది మందం, రంగు, కొలత లెక్కన. ఎనిమిది నాలుగు, ఆరు నాలుగు, మూడు ఎంఎం, ఐదు ఎంఎం, అంతే. ఎలా పుట్టిందని అడిగితే కౌంటరు కుర్రాడు "రెండూ ఒకటే అన్నా, కంపెనీ మాల్" అంటాడు. అతని తప్పేం లేదు. అడిగేవాళ్లు తక్కువ.

కాగితం అంటించి ఉంటే కాస్ట్, ప్లాస్టిక్ పొర ఉంటే ఎక్స్‌ట్రూడెడ్ అని పనివాళ్లలో ఒక మాట ఉంది. దాన్ని నమ్ముకుని కొనకూడదు. ఏ షీటుకు ఏ కవరైనా వేసుకోవచ్చు. నేను నమ్మేది వెర్నియర్‌ను. ఎనిమిది ఎంఎం అని చూపిన ఒక షీటును నాలుగు మూలలా, అంచుల మధ్యలా కొలిచాను. 7.7, 8.1, 7.9, 8.2 ఇలా వచ్చాయి. పక్కనే ఇంకో షీటు ఎక్కడ పట్టుకున్నా ఒకటే అంకె. మేనల్లుడు రెండోదే మంచిదన్నాడు. నిజానికి నాకు కావలసింది ఆ ఎగుడుదిగుడు షీటు. అద్దాల మధ్య పోసినప్పుడు అద్దం కాస్త వంగుతుంది, పాకం గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, అందుకే కాస్ట్ షీటు మందం నిలకడగా ఉండదు. రోలర్ల మధ్య నుంచి వచ్చింది కొలిచినట్టు సమంగా ఉంటుంది.

మందం విషయంలో తూకం కూడా పనికొస్తుంది. యాక్రిలిక్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.19 గ్రాములు. ఎనిమిది నాలుగు షీటు నిజంగా మూడు ఎంఎం ఉంటే పదిన్నర కిలోల పైచిలుకు తూగాలి. తొమ్మిది కిలోలే తూగితే సగటున రెండున్నర ఎంఎం సరుకుకు మూడు ఎంఎం ధర కడుతున్నామన్నమాట. తూకం వేయమంటే కొన్ని కొట్లలో ముఖం చిట్లిస్తారు. చిట్లించిన చోట నేను కొనను.

కొట్టు బయట అరుగు మీద మంట పరీక్ష పెట్టాను. యాక్రిలిక్ కట్‌పీస్ మూల లైటరుకు అంటిస్తే మొదలు దగ్గర నీలంగా, కొనన పసుపుగా మంట వస్తుంది, చిటపటలాడుతుంది, పొగ పెద్దగా రాదు. ఆర్పితే పండ్ల ఎసెన్సు వాసన. పాలీకార్బొనేట్ అయితే మసితో మండి, లైటరు తీయగానే ఆరిపోతుంది. పాలీస్టైరీన్ అయితే గాల్లో నల్లటి మసి తేలుతుంది. మేనల్లుడు తన సంచిలోంచి ఒక తెల్ల ముక్క తీశాడు. "ఇది గూడ యాక్రిలిక్కే అని పంపిండ్రు మామా, కోస్తుంటే ముక్కు మండుతున్నది." నా దగ్గర ఒక రాగి తీగ ముక్క ఎప్పుడూ ఉంటుంది. దాన్ని ఎర్రగా కాల్చి, ఆ ముక్కకు తాకించి, మళ్లీ మంటలో పెట్టాను. మంట ఆకుపచ్చగా లేచింది. అంటే అందులో క్లోరిన్ ఉంది, అది పీవీసీ. దాన్ని లేజర్ కింద పెడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. ముందు మనిషి ఊపిరితిత్తులు, తర్వాత మిషన్ పట్టాలు, లెన్సు అన్నీ పాడైపోతాయి. సన్‌బోర్డు, ఫోమ్ షీటు పేరుతో అమ్మేవి కూడా పీవీసీయే. వాటికి కత్తి, రౌటరే దిక్కు. వాడు ఆ ముక్కను అక్కడే చెత్తబుట్టలో వేశాడు. ఎంత చవకగా ఇచ్చినా ఆ సరుకు వద్దని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం నేనిచ్చి ఉండేవాణ్ని కాదు.

ఇక అసలు పరీక్ష. పక్క సందులో లేజర్ జాబ్‌వర్క్ చేసే ఒక అన్న ఉన్నాడు. రెండు షీట్లవీ అరచేతంత ముక్కలు ఇచ్చి, పెన్‌డ్రైవ్‌లో ఉన్న తోరణం బొమ్మ చెక్కమన్నాను. ఒకటే పవరు, ఒకటే వేగం. కాస్ట్ ముక్క మీద తోరణం మంచు పట్టినట్టు తెల్లగా లేచింది. స్తంభాల మీది సన్న గీతలు కూడా విడివిడిగా కనబడ్డాయి. ఎక్స్‌ట్రూడెడ్ ముక్క మీద బొమ్మ ఉంది కానీ కనబడదు. వెలుతురుకు వంచి చూస్తే నీళ్లు ఎండిన జాడలా మసకగా ఉంది. కాస్ట్‌లో అణువుల గొలుసులు చాలా పొడవు. వేడి తగలగానే కరిగి పారకుండా అక్కడికక్కడ ఆవిరవుతుంది, వెనక గరుకు మిగులుతుంది, ఆ గరుకే తెల్లదనం. ఎక్స్‌ట్రూడెడ్‌లో గొలుసులు పొట్టివి. ముందు మెత్తబడి కరుగుతుంది, చెక్కిన గుంటలోకే మళ్లీ పారి నునుపైపోతుంది.

వెలిగే మెమెంటోకు ఆ గరుకే ప్రాణం. పీఠంలోని ఎల్‌ఈడీ వెలుగు షీటు అంచులోంచి లోపలికి ఎక్కుతుంది. యాక్రిలిక్ వక్రీభవన గుణకం 1.49. లోపలినుంచి ముఖాన్ని ఏటవాలుగా తాకిన కిరణం బయటికి పోలేక మళ్లీ లోపలికే తిరిగిపోతుంది. అలా రెండు ముఖాల మధ్య కొట్టుకుంటూ పైదాకా పోతుంది. దారిలో గరుకు తగిలితే అక్కడ చెదిరి బయటపడుతుంది. అందుకే చెక్కిన గీతలు మాత్రమే వెలిగి, మిగతా షీటు ఖాళీగా కనబడుతుంది. గరుకు సరిగా రాని షీటు మీద ఎంత మంచి ఎల్‌ఈడీ పెట్టినా తోరణం మసకే. బొమ్మను అద్దంలో చూసినట్టు తిప్పి వెనకవైపు చెక్కిస్తే ముందు ముఖం నునుపుగా ఉంటుంది, తుడుచుకోవడమూ తేలిక.

అదే అన్న చేత రెండు ముక్కలూ కోయించాను కూడా. ఎక్స్‌ట్రూడెడ్ వేగంగా తెగింది, అంచు అద్దంలా మెరిసింది, కింది అంచున మాత్రం సన్నటి కరుడు కట్టింది. తర్వాత దూది మీద స్పిరిట్ పోసి రెండు అంచులూ తుడిచాను. కాసేపటికి ఎక్స్‌ట్రూడెడ్ అంచు పొడవునా వెంట్రుక పగుళ్లు వచ్చాయి. కాస్ట్ నిలబడింది. లేజర్ వేడికి అంచులో బిగుతు మిగిలిపోతుంది. స్పిరిట్ తగలగానే ఆ బిగుతు పగుళ్లుగా తేలుతుంది. కస్టమర్లకు మెమెంటో ఇచ్చేటప్పుడు స్పిరిట్, థిన్నర్, అద్దాలు తుడిచే లిక్విడ్ పెట్టొద్దని, తడిగుడ్డ చాలని నేను చెప్పేది ఇందుకే.

ఇంతా చూశాక ఎక్స్‌ట్రూడెడ్ పనికిరాదనుకుంటే పొరపాటు. ఈ మాట మా వృత్తిలో చాలామంది ఒప్పుకోరు, "కాస్టే మాల్, మిగతాదంతా తుక్కు" అంటారు. హుండీ పెట్టెలకు నేను తీసుకున్నది ఐదు ఎంఎం ఎక్స్‌ట్రూడెడే. పెట్టె పలకలకు అంచుల్లో పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చాలి. మందం ఎక్కడికక్కడ మారితే ఒక మూల వదులుగా, ఇంకో మూల దూరకుండా తయారవుతుంది. సమంగా ఉన్న షీటైతే పళ్లు బిగువుగా కూర్చుంటాయి. సిరంజితో క్లోరోఫాం ఒక్క చుక్క వదిలితే సందులోకి తనంతట తానే పాకి అతికిపోతుంది. అతికించే ముందు పలకల్ని 80 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కాసేపు ఉంచి మెల్లగా చల్లారనిస్తే అంచుల్లోని బిగుతు తగ్గుతుంది. ఆ పని చేయకుండా క్లోరోఫాం పెట్టేసి, పగిలిపోయిందని షీటును తిట్టేవాళ్లే ఎక్కువ. క్లోరోఫాం సీసా తెరిచినప్పుడు కిటికీలూ తెరవాలి. ఇది మేనల్లుడికి ప్రత్యేకంగా చెప్పాను.

మిల్కీ వైటు దగ్గర మాకు ఎక్కువసేపు పట్టింది. తెలుపులో కూడా రకాలున్నాయి. ఒకటి నీలం ఛాయ, ఒకటి మీగడ ఛాయ. పగలు తేడా తెలియదు, వెనక ఎల్‌ఈడీ వెలిగితే తెలుస్తుంది. ఫోన్ టార్చి వెలిగించి, బోర్డు పెట్టె లోతెంతో అంత దూరంలో షీటు వెనక పట్టుకుని చూశాం. ఒక షీటులో టార్చి చుక్క చుక్కలాగే కనబడింది. అలాంటిది పెడితే క్లినిక్ పేరు బదులు ఎల్‌ఈడీ మాడ్యూళ్ల వరసే కనబడుతుంది. ఇంకోటి వెలుగును మరీ మింగేసింది. మూడోది సరిపోయింది. బోర్డుకు కావలసిన షీట్లన్నీ ఒకే లాట్‌లోనివి ఇమ్మని సేఠ్‌ను పట్టుబట్టాను. రెండు లాట్ల తెలుపు పక్కపక్కన పెడితే రాత్రిపూట అతుకు రోడ్డు అవతలికి కూడా కనబడుతుంది. పైగా ఓరుగల్లు ఎండ సంగతి చూడాలి. మీటరు పొడవు యాక్రిలిక్ 30 డిగ్రీల వేడి పెరిగితే దాదాపు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. స్క్రూ రంధ్రాలు వదులుగా వేయకపోతే బోర్డు ఏప్రిల్లో ఉబ్బి, రంధ్రాల దగ్గర పగులుతుంది.

బంగారు అద్దపు షీటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కొట్లో ఉన్నదంతా ఎక్స్‌ట్రూడెడే. వెనక రంగుపొర గీతలు పడకుండా ఉందా, అద్దంలో మన ముఖం వంకర పోతోందా అని మాత్రం చూసుకున్నాం.

మధ్యాహ్నం అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లి ఫీల్‌ఖానాలో కట్‌పీసులు చూశాం, మేనల్లుడి కోసం. కిలోల లెక్కన అమ్మే ముక్కల కుప్పలో మంచీ చెడూ కలిసే ఉంటాయి. కొన్నిటి అంచు తేనె రంగులో ఉంది, కొన్నిట్లో చిన్న బుడగలు. అది రీసైకిల్ సరుకు. ప్లాస్టిక్కుల్లో యాక్రిలిక్‌ది విచిత్రమైన గుణం. తుక్కును గాలి తగలకుండా 350 డిగ్రీలు దాటించి కాలిస్తే, తిరిగి తన పుట్టుక పదార్థమైన మోనోమర్ ఆవిరిగా మారిపోతుంది. ఆ ఆవిరిని చల్లార్చి వడపోసి మళ్లీ షీటు పోయొచ్చు. మన దేశంలో చిన్న చిన్న యూనిట్లు చాలానే ఈ పని చేస్తాయి. శుద్ధి సరిగా జరగకపోతే మిగిలిన మలినమే ఆ పసుపు, ఆ ఘాటు వాసన, ఆ పెళుసుదనం. 2020లో ప్రతి కౌంటరు ముందూ తేట షీటు అడ్డం పెట్టినప్పుడు సరుకు దొరక్క అల్లాడాం. ఆ అడ్డాలన్నీ తర్వాత తీసేశారు. వాటిలో ఎన్నో ఈ కుప్పల్లోకీ, ఆ కొలుముల్లోకీ చేరే ఉంటాయి. నల్ల కీచైనుకు పసుపు అంచు అడ్డం కాదు. పెళుసుగా లేని నల్ల కాస్ట్ ముక్కలు ఏరుకుని వాడు సంచి నింపుకున్నాడు. నీలి కాంతి వాటిమీద ఆగుతుంది, పనీ అవుతుంది.

సాయంత్రం మళ్లీ రాణిగంజ్ వచ్చి సరుకు కట్టించాం. బిల్లు లేకుండా ఇస్తే 18 శాతం జీఎస్టీ మిగులుతుందని ఎప్పటిలాగే కుర్రాడు చెవిలో చెప్పాడు. బిల్లే రాయించాను. బిల్లు మీద కాస్ట్, ఎక్స్‌ట్రూడెడ్ అని విడివిడిగా, లాట్ నంబర్లతో రాయమన్నాను. రేపు బోర్డుకు ఇంకో షీటు కావాల్సి వస్తే ఆ నంబరే ఆధారం. ట్రాలీ ఆటోలో షీట్లను పడుకోబెట్టకుండా ప్లైవుడ్ పలకల మధ్య నిలబెట్టి తాడు బిగించారు. పడుకోబెడితే కుదుపులకు మధ్యలో వంగి మూలలు విరుగుతాయి. ఎండ తగిలేచోట ఉంచొద్దని ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుమాస్తాకు రెండుసార్లు చెప్పాను. ఎండకు కాగితం కింది జిగురు గట్టిపడితే తర్వాత ఒలవడానికి గోళ్లు అరిగిపోతాయి. గుమాస్తా రసీదు చింపి ఇస్తూ, ఇంత జాగ్రత్తగా అద్దాలు పంపేవాళ్లు కూడా అడగరన్నాడు.

సరుకు దుకాణానికి చేరాక మొదటి పని కోయడం కాదు, కొలవడం. ఎనిమిది ఎంఎం కాస్ట్ షీట్లను చిన్న చదరాలుగా గీసి, ఒక్కో చదరం మీద దాని అసలు మందం మార్కరుతో కాగితం మీదే రాశాం. మేనల్లుడు కొలిచాడు, నేను రాశాను. తర్వాత పీఠాల గాడి వెడల్పును అంకెలు చూసి విడగొట్టాం. 7.8 దాకా వచ్చిన ముక్కలకు ఒక కొలత, 8 చుట్టూ ఉన్నవాటికి ఒకటి, 8.2 వచ్చినవాటికి ఇంకొకటి. అది అయ్యాకే మిషన్ ఆన్ చేశాం.